వందేళ్ల నాటి అమెరికన్ స్పీడ్ స్కేటర్ క్రీడాజీవితాన్ని సమకూర్చే విధానం

1924 జనవరి 26న ఫ్రాన్స్‌లోని షామొనీలో, అమెరికాకు చెందిన చార్లెస్ జూట్రా అనే యువకుడు 500 మీటర్ల స్పీడ్ స్కేటింగ్ పందాన్ని 44.0 సెకన్లలో ముగించి, మొట్టమొదటి శీతాకాల ఒలింపిక్స్‌లో మొట్టమొదటి స్వర్ణ పతకాన్ని గెలుచుకున్నారు. ఆయన గురించి ఎక్కడ చదివినా ఈ ఒక్క వాక్యమే ఎదురవుతుంది. అంతకుముందు ఆయన ఎన్ని శీతాకాలాలు ఏయే సరస్సుల మీద పోటీ పడ్డారు, ఎవరి చేతిలో ఓడారు, ఆ పందాలు ఏ నిబంధనల కింద జరిగాయి, ఆ తరువాత ఎందుకు కనుమరుగయ్యారు అనే సంగతులు మాత్రం పాత పత్రికల పుటల్లోనూ, ప్రభుత్వ దస్త్రాల్లోనూ చెల్లాచెదురుగా పడి ఉన్నాయి. వాటిని ఏరి, సరిచూసి, ఒక క్రీడాజీవిత చరిత్రగా కూర్చడం ఎలాగో ఇక్కడ వివరిస్తున్నాను. ఉదాహరణలు ఎక్కువగా జూట్రా నుంచీ, ఆయన తరువాతి తరానికి చెందిన జాక్ షే, ఇర్వింగ్ జాఫీల నుంచీ తీసుకున్నాను కానీ, ఆ కాలపు అమెరికన్ స్కేటర్ ఎవరికైనా ఈ పద్ధతి వర్తిస్తుంది.

ఈ పనిలో అన్నింటికన్నా ముఖ్యమైన సూత్రాన్ని ముందే చెప్పుకోవడం మంచిది: పందెం ఏ పద్ధతిలో జరిగిందో తెలుసుకోకుండా, అందులో నమోదైన సమయాన్ని రాయకూడదు. దూరం, బాట, బయల్దేరే తీరు, గడియారం అనే నాలుగూ తెలియని సమయం వట్టి అంకె మాత్రమే అవుతుంది, దాని నుంచి ఆ స్కేటర్ గొప్పతనం గురించి ఏ నిర్ణయమూ చేయలేము.

ముందు మనిషిని నిర్ధారించుకోవడం

పని ఎప్పుడూ పేరుతోనే మొదలవుతుంది, పొరపాట్లు కూడా అక్కడే మొదలవుతాయి. జూట్రా అనే ఇంటిపేరును ఇంగ్లిష్‌లో రాసినప్పుడు, చెవితో విన్నవారికి తట్టని అక్షరం ఒకటి చివర ఉంటుంది. విలేఖరి ఆ పేరును టెలిఫోన్‌లో విని రాసుకుంటే ఆ అక్షరం ఎగిరిపోతుంది, జనగణన అధికారి గుమ్మం ముందు నిలబడి రాసుకుంటే మరో రూపం తయారవుతుంది. పాత అచ్చును కంప్యూటర్ చదివేటప్పుడు ‘డబ్ల్యూ’ను రెండు ‘వీ’లుగా పొరబడటం కూడా మామూలే. కాబట్టి మొదటి రోజే ఒక కాగితం మీద, ఆ పేరు ఎన్ని రకాలుగా తప్పుపడవచ్చో అన్ని రకాలనూ రాసి పెట్టుకుని, ప్రతి దస్తావేజులోనూ ఆ జాబితా మొత్తాన్నీ వెతకాలి. ముద్దుపేర్లను కూడా అందులో చేర్చాలి, ఎందుకంటే చార్లెస్ చార్లీ అవుతాడు, షికాగోకు చెందిన రాబర్ట్ మెక్లీన్ పత్రికల్లో ఎక్కువగా బాబీ మెక్లీన్‌గానే కనిపిస్తారు. జో మూర్, ఎడ్డీ మర్ఫీ వంటి పేర్ల విషయంలో చిక్కు దీనికి పూర్తిగా తలకిందులుగా ఉంటుంది. ఆ పేర్లతో బేస్‌బాల్ ఆటగాళ్లు, బాక్సర్లు, రాజకీయ నాయకులు వందల కొద్దీ ఎదురవుతారు కనుక, అక్కడ పేరుతో పాటు ఊరి పేరునూ, స్కేటింగ్ అనే మాటనూ కలిపి వెతకడం తప్ప వేరే దారి లేదు.

పేరు తేలాక పుట్టిన తేదీని సరిచూసుకోవాలి. దీనికి అమెరికా జనగణన పత్రాలు ఎంతగానో ఉపకరిస్తాయి, అయితే ప్రతి గణనకూ ఒక ప్రామాణిక దినం ఉంటుందని గుర్తుంచుకోవాలి. 1900లో అది జూన్ 1, 1910లో ఏప్రిల్ 15, 1920లో జనవరి 1. జూట్రా 1900 మే 5న న్యూయార్క్ రాష్ట్రంలోని క్లింటన్ కౌంటీలో పుట్టారు. ఆ తేదీ సరైనదైతే 1900 పత్రంలో ఆయన నెల కూడా నిండని పసికందుగా, 1910లో తొమ్మిదేళ్ల పిల్లవాడిగా, 1920లో పందొమ్మిదేళ్ల యువకుడిగా నమోదై ఉండాలి. ఈ మూడూ పొసగితే మనకు దొరికిన కుటుంబం సరైనదేనని ధైర్యంగా ముందుకు వెళ్లవచ్చు, పొసగకపోతే అదే పేరు గల మరొకరి ఇంట్లో అడుగు పెట్టామేమోనని అనుమానించాలి. జాక్ షే 1910 సెప్టెంబర్ 7న పుట్టారు కాబట్టి, ఆ ఏడాది ఏప్రిల్ నాటి గణనలో ఆయన పేరు కనబడకపోవడమే సరైన ఆధారం. ఇలాంటి చోట్ల లేకపోవడం కూడా సాక్ష్యమేనని కొత్తగా పని మొదలుపెట్టినవారు తరచూ మరచిపోతారు.

జనగణన తరువాత చూడవలసినవి మొదటి ప్రపంచయుద్ధ కాలపు సైనిక నమోదు కార్డులు. 1918 సెప్టెంబర్ 12 నాటి నమోదు 18 నుంచి 45 ఏళ్ల వారిని పిలిచింది కనుక, ఆనాటికి పద్దెనిమిదేళ్లు నిండిన జూట్రా తరం స్కేటర్ల కోసం వెతకవలసింది ఆ నమోదులోనే. విదేశీ పోటీలకు వెళ్లినవారి విషయంలో పాస్‌పోర్ట్ దరఖాస్తులు ఇంకా విలువైనవి. 1906 జనవరి నుంచి 1925 మార్చి వరకు ఉన్న దరఖాస్తులను అమెరికా జాతీయ పత్రాగారం భద్రపరచింది. 1914 డిసెంబర్ తరువాత దరఖాస్తుతో ఫోటో జతచేయడం తప్పనిసరి అయింది కాబట్టి, షామొనీకి వెళ్లిన ఆటగాడి ముఖం, ఎత్తు, కళ్ల రంగు, చేతిరాతలోని సంతకం ఒకే కాగితం మీద దొరికే అవకాశం ఉంది. పత్రికల్లోని మసక బొమ్మలతో సరిపోల్చుకోవడానికి ఆ ఫోటో చాలా కాలం పనికి వస్తుంది. తిరుగు ప్రయాణపు తేదీ కావాలంటే న్యూయార్క్ రేవులో దిగిన ఓడల ప్రయాణికుల జాబితాలను చూడవచ్చు.

పందెం ఏ పద్ధతిలో జరిగింది

ఈ భాగానికి ఎక్కువ సమయం కేటాయించమని కోరుతున్నాను, ఎందుకంటే అమెరికన్ స్కేటర్ల గురించిన తప్పుడు రాతల్లో చాలావరకు ఇక్కడే పుడతాయి.

అంతర్జాతీయ స్కేటింగ్ సమాఖ్య 1892లో నెదర్లాండ్స్‌లోని షెవెనింగెన్‌లో ఏర్పడింది. దాని నిబంధనల ప్రకారం 400 మీటర్ల బాట మీద ఒకేసారి ఇద్దరు మాత్రమే బయల్దేరుతారు. ఒకరు లోపలి వరుసలో, మరొకరు బయటి వరుసలో సాగుతూ, ఇద్దరికీ సమాన దూరం వచ్చేలా ప్రతి చుట్టులోనూ వరుసలు మార్చుకుంటారు. పక్కనున్నవాడిని దాటడం ముఖ్యం కాదు, గడియారమే విజేతను తేలుస్తుంది. ఆ రోజుల్లో అమెరికాలోనూ కెనడాలోనూ ఈ ఆట వేరే తీరులో నడిచేది. అక్కడ ఐదారుగురో, అంతకన్నా ఎక్కువమందో ఒకే గీత మీద నిలబడి, తుపాకి మోత వినగానే మూకుమ్మడిగా బయల్దేరేవారు. ముందు గీత దాటినవాడే విజేత కనుక మోచేతుల రాపిడి, లోపలి వైపు చోటు కోసం తోపులాట, ముందువాడి వెనక నక్కి గాలి దెబ్బను తప్పించుకుని చివరి చుట్టులో దూసుకుపోవడం వంటివన్నీ ఆటలో భాగంగానే ఉండేవి.

ఈ తేడా అంకెల్లో ఎలా కనబడుతుందో దగ్గరగా చూద్దాం. 1928లో స్విట్జర్లాండ్‌లోని సెయింట్ మోరిట్జ్‌లో జరిగిన ఒలింపిక్స్‌లో 500 మీటర్ల విజేతలుగా నిలిచిన క్లాస్ తున్‌బెర్గ్, బెర్న్ట్ ఎవెన్సెన్‌ల సమయం 43.4 సెకన్లు. 1932లో అమెరికాలోని లేక్ ప్లాసిడ్‌లో జాక్ షే గెలిచిన సమయం కూడా సరిగ్గా 43.4 సెకన్లే. ఇప్పుడు 1500 మీటర్లను చూడండి. 1928లో తున్‌బెర్గ్ 2 నిమిషాల 21.1 సెకన్లలో గెలవగా, 1932లో షే గెలిచిన సమయం 2 నిమిషాల 57.5 సెకన్లు. అంటే పొట్టి పందెంలో వెంట్రుకవాసి తేడా కూడా లేని చోట, దానికి మూడింతలుండే పందెంలో 36 సెకన్లకు పైగా తేడా వచ్చింది. షే కాళ్లలో సత్తువ తగ్గిందని దీనికి అర్థం కాదు. లేక్ ప్లాసిడ్‌లో పోటీలను అమెరికన్ పద్ధతిలో, మూకుమ్మడి పందాలుగా నడిపారు. 500 మీటర్లలో వేచి చూడటానికి వ్యవధి లేదు కనుక అందరూ మొదటి అడుగు నుంచే ఊపిరి బిగబట్టి పరుగెత్తారు, 1500 మీటర్లలో మాత్రం ముందుండి గాలిని చీల్చుకుపోవడానికి ఎవరూ ఇష్టపడక ఒకరినొకరు కనిపెట్టుకుంటూ నెమ్మదిగా సాగి, బలమంతా చివరి చుట్టు కోసం దాచుకున్నారు. 5000 మీటర్లలో కూడా అదే కథ: 1928లో ఈవార్ బాలంగ్రూడ్ సమయం 8 నిమిషాల 50.5 సెకన్లు కాగా, 1932లో ఇర్వింగ్ జాఫీ గెలిచిన సమయం 9 నిమిషాల 40.8 సెకన్లు. ఈ అంకెలను మొదటిసారి పక్కపక్కన పెట్టుకున్నప్పుడు, లేక్ ప్లాసిడ్ మంచు మెత్తబడి ఉంటుందని నేను ఊహించి, అలాగే రాసుకుని పెట్టుకున్నాను. అదే మంచు మీద 500 మీటర్లు 43.4 సెకన్లలో ఎలా సాధ్యమైందన్న ప్రశ్న నాకు చాలా ఆలస్యంగా తట్టింది.

లేక్ ప్లాసిడ్ విజయాలను తక్కువ చేసి రాయడం కూడా న్యాయం కాదు. మూకుమ్మడి పందెంలో గెలవడానికి వేరే తెలివి కావాలి, ఆ తెలివిని అమెరికన్ స్కేటర్లు చిన్ననాటి నుంచి సరస్సుల మీద నేర్చుకున్నారు. యూరోపియన్లకు ఆ అలవాటు లేదు, మేటి స్కేటర్ తున్‌బెర్గ్ ఆ పద్ధతిని వ్యతిరేకించి అసలు రానే లేదు. 10,000 మీటర్ల అర్హత పందాలు అభ్యంతరాల మధ్య రద్దై, మర్నాడు మళ్లీ జరిగాయి. అదే నెలలో, అదే ఊళ్లో, జంటల పద్ధతి గల యూరోపియన్ నిబంధనల కింద జరిగిన ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో బాలంగ్రూడ్ గెలిచారు. ఒకే మంచు మీద, కొద్ది రోజుల తేడాతో, రెండు నిబంధనల కింద వేర్వేరు విజేతలు తేలారన్న సంగతిని ఆ కాలపు స్కేటర్ ఎవరి గురించి రాసినా చదువరి ముందు ఉంచాలి. అది చెబితే 5000, 10,000 మీటర్లలో జాఫీ గెలుచుకున్న రెండు స్వర్ణాలకు విలువ తగ్గదు, అవి ఎలాంటి విజయాలో అర్థమవుతుంది.

దూరాల గురించి కూడా జాగ్రత్త పడాలి. అమెరికన్ పోటీలు గజాల్లోనూ మైళ్లలోనూ జరిగేవి: 220 గజాలు, 440 గజాలు, 880 గజాలు, ఒక మైలు, మూడు మైళ్లు. 440 గజాలంటే దాదాపు 402 మీటర్లు, 500 మీటర్లంటే దాదాపు 547 గజాలు, మూడు మైళ్లంటే 4,828 మీటర్లు. కాబట్టి 440 గజాల సమయాన్ని 500 మీటర్ల సమయంతోనూ, మూడు మైళ్ల సమయాన్ని 5000 మీటర్ల సమయంతోనూ నేరుగా పోల్చడానికి వీలు లేదు. అనుపాతం కట్టి మార్చడం ఇంకా ప్రమాదకరం, ఎందుకంటే నిలుచున్న చోటి నుంచి వేగం పుంజుకునే తొలి సెకన్లు ప్రతి దూరంలోనూ ఒకటే ఉంటాయి కానీ, పొట్టి దూరంలో వాటి వాటా ఎక్కువగా ఉంటుంది. షామొనీకి ముందు తాను 500 మీటర్ల పందెంలో ఎన్నడూ దిగలేదని జూట్రా తరువాతి కాలంలో చెప్పుకున్నారు. ముసలితనంలో చెప్పిన ముచ్చటగా దీన్ని పక్కన పెట్టనవసరం లేదు, గుడ్డిగా నమ్మనవసరమూ లేదు. ఆయన దిగిన పందాలన్నింటినీ తేదీల వారీగా జాబితా కట్టి, ఒక్కొక్కదాని ఎదుట దూరాన్ని రాస్తే ఆ మాట ఎంతవరకు నిలుస్తుందో జాబితాయే తేలుస్తుంది.

బాట సంగతి కూడా పందెంతో పాటే రాసుకోవాలి. లేక్ ప్లాసిడ్‌లోని మిర్రర్ లేక్ వంటి సరస్సు మీద గాలికి ఎదురెళ్లే వైపు ఒకటి, గాలి తోసే వైపు ఒకటి ఉంటాయి. నగరాల్లోని కృత్రిమ మంచు మందిరాల్లో గాలి ఉండదు కానీ, చుట్టు బాగా చిన్నది కావడం వల్ల మలుపులు ఎక్కువగా వస్తాయి. పత్రికలో ‘16 చుట్ల బాట’ అని ఉంటే మైలుకు 16 చుట్లని అర్థం, అంటే ఒక్కో చుట్టు దాదాపు 100 మీటర్లే. అలాగే 100 గజాలు, 220 గజాల పందాలు కొన్నిసార్లు మలుపు లేని తిన్నని బాట మీద జరిగేవి. జూట్రా పేరిట 100 గజాలకు 9.4 సెకన్ల జాతీయ రికార్డు ఉంది. అలాంటి రికార్డును ఉదహరించేటప్పుడు అది తిన్నని బాట మీదిదా, మలుపు ఉన్న బాట మీదిదా, ఆరుబయటి సరస్సు మీదిదా, మందిరంలోదా అన్నది వార్తలో వెతికి పక్కనే రాయాలి.

గడియారం చెప్పేది ఎంత, చెప్పనిది ఎంత

షామొనీ 500 మీటర్ల ఫలితాలను మరొక్కసారి తీసుకోండి. జూట్రా 44.0, నార్వేకు చెందిన ఆస్కర్ ఓల్సెన్ 44.2, మూడో స్థానాన్ని పంచుకున్న రోఆల్డ్ లార్సెన్, తున్‌బెర్గ్‌లు 44.8. ఈ అంకెలన్నీ 0.2 సెకన్ల మెట్ల మీదే నిలబడి ఉన్నాయి. ఆనాడు చేతితో నొక్కే స్టాప్‌వాచ్‌లు మామూలుగా సెకనును ఐదు భాగాలుగా చూపేవి, ఒక్కో భాగం 0.2 సెకను. 44 సెకన్లలో 500 మీటర్లంటే సెకనుకు సగటున 11.36 మీటర్లు, అంటే గడియారంలోని ఒక్క గీత విలువ మంచు మీద రెండు మీటర్లకు పైమాటే. మొట్టమొదటి శీతాకాల ఒలింపిక్ స్వర్ణాన్ని రజతం నుంచి వేరు చేసింది ఆ ఒక్క గీతే. సమానమని ప్రకటించిన లార్సెన్, తున్‌బెర్గ్‌ల మధ్య కూడా నిజానికి రెండు మీటర్ల దాకా తేడా ఉండి ఉండవచ్చు, అది తేల్చే సాధనం ఆనాడు లేదు. కాబట్టి పాత సమయాలకు మన సొంతంగా వందో వంతులు చేర్చకూడదు, 44.0ను 44.00గా మార్చి రాయకూడదు. ఆ ఒక్క సున్న, లేని కచ్చితత్వాన్ని ఉన్నట్టు చూపిస్తుంది.

పత్రికలను చదివే క్రమం

పాత అమెరికన్ పత్రికల కోసం లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వారి ‘క్రానిక్లింగ్ అమెరికా’ అనే ఆన్‌లైన్ సేకరణ ఉచితంగా అందుబాటులో ఉంది, న్యూయార్క్ రాష్ట్రపు ఊళ్ల కోసం ‘న్యూయార్క్ స్టేట్ హిస్టారిక్ న్యూస్‌పేపర్స్’ అనే సేకరణ ఉంది. వెతకడం మొదలుపెట్టేటప్పుడు నగర పత్రికల కన్నా ఊరి పత్రికనే ముందు తీసుకోవడం మంచిది. నగర పత్రిక విజేత పేరు, సమయం ఇచ్చి ఊరుకుంటుంది, ఊరి పత్రిక మాత్రం ఏ రైలుకు వెళ్లాడు, ఖర్చుల కోసం ఎవరు చందాలు పోగుచేశారు, కాలికి దెబ్బ ఎప్పుడు తగిలింది, తిరిగొచ్చినప్పుడు స్టేషన్‌కు ఎవరెవరు వచ్చారు అన్నవి కూడా రాస్తుంది. ఊరి వారపత్రికలో వార్త కొన్ని రోజులు ఆలస్యంగా వస్తుంది కనుక, పందెం తేదీ నుంచి కనీసం మూడు వారాల వరకు సంచికలను పుట పుటా చూడాలి. 1924 జనవరి 26 శనివారం. ఆ పందెం వార్త కోసం అదే సాయంత్రపు పత్రికలు, మర్నాటి ఆదివారపు సంచికలు, ఆ తరువాతి వారపు ఊరి పత్రికలు అనే వరుసలో వెతకాలి.

ఇక్కడ ఒక ముఖ్యమైన హెచ్చరిక ఉంది. షామొనీ పోటీలు జరుగుతున్నప్పుడు వాటి అధికారిక పేరు ‘అంతర్జాతీయ శీతాకాల క్రీడా వారోత్సవం’. వాటిని మొదటి శీతాకాల ఒలింపిక్స్‌గా అంతర్జాతీయ ఒలింపిక్ సంఘం గుర్తించింది ఆ తరువాతే. పత్రికలు చాలావరకు ఒలింపిక్ అనే మాటను వాడాయి కానీ అన్ని చోట్లా కాదు, కాబట్టి ఆ మాటనే పట్టుకుని వెతికితే కొన్ని మంచి వార్తలు చేజారిపోతాయి. ఊరి పేరు షామొనీతోనూ, తోటి స్కేటర్లైన జో మూర్, వాలెంటైన్ బియాలస్, హ్యారీ కాస్కీల పేర్లతోనూ విడివిడిగా వెతికితే అవి దొరుకుతాయి. ఒక స్కేటర్ గురించిన వివరాలు మరొక స్కేటర్ ఊరి పత్రికలో దొరకడం ఈ పనిలో తరచూ ఎదురయ్యే అదృష్టం. బియాలస్‌ది న్యూయార్క్ రాష్ట్రంలోని యూటికా కాబట్టి, ఆ జట్టు ప్రయాణం గురించి యూటికా పత్రికలను కూడా చూడటం మరవకూడదు.

వార్తల్లో ‘ఛాంపియన్’ అనే మాట కనబడగానే ఆగి ఆలోచించాలి. నగర ఛాంపియన్, రాష్ట్ర ఛాంపియన్, జాతీయ ఛాంపియన్, అంతర్జాతీయ ఛాంపియన్ అనే బిరుదులను విలేఖరులు ఒకదాని చోట మరొకటి వాడేవారు. అంతర్జాతీయం అంటే ఎన్నోసార్లు అమెరికా, కెనడాల మధ్య పోటీ మాత్రమే. జాతీయ బిరుదు ఒక్క పందెంతో కాక, రెండు మూడు రోజుల పాటు వేర్వేరు దూరాల్లో సంపాదించిన పాయింట్ల మొత్తంతో తేలేది. 1920లలో మొదటి స్థానానికి 30, రెండో స్థానానికి 20, మూడో స్థానానికి 10 అనే లెక్క తరచూ కనబడుతుంది. జూట్రా 1921లోనూ 1923లోనూ అమెరికా జాతీయ ఛాంపియన్‌గా నిలిచారు. అలాంటి బిరుదును నమోదు చేసేటప్పుడు ఆ పోటీలోని ఒక్కో పందెంలో వచ్చిన స్థానాన్ని తీసుకుని, పాయింట్లను మనమే కూడి, పత్రిక ఇచ్చిన మొత్తంతో సరిచూడాలి. కూడిక కుదరకపోతే సాధారణంగా ఒక పందెం ఫలితం మన జాబితాలో లేకుండా పోయిందని గ్రహించవచ్చు. శీతాకాలం రెండు సంవత్సరాల్లో విస్తరించి ఉంటుంది కనుక, డిసెంబర్‌లో గెలిచిన పోటీని ఏ ఏడాది లెక్కలోకి తీసుకోవాలో ముందే నిశ్చయించుకుని, అదే పద్ధతిని చివరిదాకా పాటించాలి.

అధికారిక నివేదికలు, వాటిలోని ఖాళీలు

ఒలింపిక్స్‌కు సంబంధించిన అధికారిక నివేదికలు లాస్ ఏంజెలెస్‌లోని ఎల్ఏ84 ఫౌండేషన్ డిజిటల్ గ్రంథాలయంలో చదవడానికి దొరుకుతాయి. 1924 నివేదిక ఫ్రెంచ్‌లో ఉంది, 1932 నివేదిక ఇంగ్లిష్‌లో ఉంది. ఫలితాలను తేదీలతో సహా చూసుకోవడానికి ‘ఒలింపీడియా’ అనే వెబ్‌సైట్ ఎంతో ఉపయోగపడుతుంది. తేదీలు ఎందుకంటే, ఒకే రోజున రెండు పందాలు ఉన్నాయా లేదా అన్నది ఫలితం అర్థాన్నే మార్చేస్తుంది. షామొనీలో 500, 5000 మీటర్లు రెండూ జనవరి 26నే జరిగాయి. జూట్రా మొదటిదానిలో స్వర్ణం గెలిచి, అదే రోజు రెండోదానిలో 13వ స్థానంలో నిలిచారు, మర్నాడు 1500 మీటర్లలో 8వ స్థానం పొందారు. ఈ వరుసను చెప్పకుండా 13వ స్థానాన్ని మాత్రమే రాస్తే ఆయనకు అన్యాయం చేసినట్టే.

పతకాల పట్టికలో లేని పందాలు కూడా క్రీడాజీవితంలో భాగమే. 1928 ఫిబ్రవరిలో సెయింట్ మోరిట్జ్‌లో జరిగిన 10,000 మీటర్ల పందెంలో జాఫీ, ఎవెన్సెన్ ఒకే జంటగా పరుగెత్తగా, జాఫీ 18 నిమిషాల 36.5 సెకన్లతో పదో వంతు సెకను తేడాతో ముందున్నారు. ఇంతలో ఎండ ముదిరి మంచు కరగడంతో, మిగిలిన జంటలు పరుగెత్తకుండానే పందెం రద్దయింది. పట్టికలో ఆ పందానికి విజేత లేరు. ‘జాఫీ 1928లో స్వర్ణం గెలిచారు’ అని రాసినా తప్పే, ఆ పందాన్ని అసలు ప్రస్తావించకపోయినా తప్పే. ఎంతవరకు జరిగింది, ఎక్కడ ఆగింది, అప్పటికి ఎవరు ముందున్నారు అన్న మూడు సంగతులనూ ఉన్నవి ఉన్నట్టుగా రాయాలి.

మహిళా స్కేటర్ల గురించి రాసేవారు మరింత ఓపిక పట్టాలి. 1932లో లేక్ ప్లాసిడ్‌లో మహిళలకు మూడు దూరాల్లో పందాలు జరిగాయి, 1500 మీటర్లలో అమెరికాకు చెందిన కిట్ క్లైన్ గెలిచారు. కానీ అవి ప్రదర్శన పోటీలు కావడం వల్ల పతకాల లెక్కలోకి ఎక్కలేదు. మహిళల స్పీడ్ స్కేటింగ్‌కు ఒలింపిక్స్‌లో పూర్తి స్థానం దొరికింది 1960లోనే. అందువల్ల పతకాల జాబితాతో పని మొదలుపెట్టేవారికి క్లైన్ తరం స్త్రీలు అసలు కనబడరు, వారిని ప్రదర్శన పోటీల విభాగం నుంచీ, పత్రికల నుంచీ మాత్రమే బయటికి తీయగలం.

ఇక అమెచ్యూర్, ప్రొఫెషనల్ అనే విభజన గురించి. డబ్బు తీసుకుని పందెంలో దిగినవారికి ఆ రోజుల్లో ఒలింపిక్స్ తలుపులు మూసుకుపోయేవి, వారి పేర్లు సంఘాల జాబితాల నుంచి కూడా మాయమయ్యేవి. నార్త్ డకోటాలో పెరిగిన నార్వల్ బాప్టీ, షికాగో బాబీ మెక్లీన్ వంటివారి జీవితంలో పెద్ద భాగం ప్రొఫెషనల్ పందాల్లోనే గడిచింది. అలాంటివారి కోసం ఫలితాల పుటను కాక మంచు మందిరాల ప్రకటనలనూ, సవాలు పందాల వార్తలనూ వెతకాలి. ఆ ప్రకటనల్లో కనిపించే ‘ప్రపంచ ఛాంపియన్’ అనే మాట టికెట్లు అమ్మడానికి వేసినది కావచ్చు కనుక, అది ఎవరు ఇచ్చిన బిరుదో తేలేదాకా దాన్ని ఉద్ధరణ గుర్తుల మధ్యనే ఉంచాలి.

రాయడానికి కూర్చున్నప్పుడు

సేకరణ పూర్తయ్యాక, కథనం రాయడానికి ముందే ఒక పట్టిక కట్టుకోండి. ఒక్కో వరుసలో ఒక్కో పందెం ఉండాలి: తేదీ, ఊరు, బాట, దూరం, జంటల పద్ధతా మూకుమ్మడి పద్ధతా, స్థానం, సమయం, వార్త దొరికిన పత్రిక, దాని తేదీ. తెలియని గడిని ఖాళీగా వదలాలే తప్ప ఊహతో నింపకూడదు. పట్టిక తయారయ్యాక దాన్ని పైనుంచి కిందికి నెమ్మదిగా చదివితే, విడివిడి వార్తల్లో కనబడనివి కనబడతాయి. ఒక శీతాకాలమంతా పందాలు లేకపోతే గాయమో, ఉద్యోగమో, యుద్ధమో కారణమై ఉండవచ్చు, ఆ నెలల ఊరి పత్రికలను మళ్లీ తిరగేయాలి. ఒక ప్రత్యర్థి పేరు పదే పదే పక్కన కనబడితే, ఆ ఇద్దరి పోటీయే కథనానికి వెన్నెముక కావచ్చు.

రెండు పత్రికలు రెండు సమయాలు ఇచ్చినప్పుడు ఏదో ఒకటి ఎంచుకుని రెండోదాన్ని దాచేయడం కన్నా, పందానికి దగ్గరలో అచ్చైన దాన్ని ప్రధానంగా తీసుకుని, తేడా ఉందని ఒక్క మాటలో చెప్పడం నిజాయితీ అనిపించుకుంటుంది. వృద్ధాప్యంలో ఇచ్చిన ముఖాముఖిలను మనోభావాల కోసం వాడుకోవచ్చు కానీ, తేదీల కోసం, అంకెల కోసం వాడుకోకూడదు. పోటీలు మానేసిన తరువాతి జీవితాన్ని కూడా రెండు పేరాల్లోనైనా చెప్పాలి. జూట్రా షామొనీ తరువాత కొద్ది కాలానికే పోటీలు మానుకుని, క్రీడా సామగ్రి సంస్థ స్పాల్డింగ్‌లో పనిచేసి, 1996లో ఫ్లోరిడాలో కన్నుమూశారు. ఆయన మరణించిన తేదీ జనవరి 26, అంటే స్వర్ణం గెలిచిన రోజుకు సరిగ్గా 72 ఏళ్లు. ఇంత చక్కగా కలిసివచ్చిన తేదీ ఎదురైనప్పుడు, ఒకరి పొరపాటును మరొకరు నకలు చేయలేదని మరణవార్తలతో సరిచూసుకున్న తరువాతే రాయాలి.

చివరిగా వస్తువుల జాడ తీయాలి. జూట్రా పతకం వాషింగ్టన్‌లోని స్మిత్‌సోనియన్ సంస్థకు చేరింది. అలాంటి చోట వస్తువు నమోదు వివరాలనూ, రెండు వైపులా తీసిన ఫోటోలనూ చూసి, దాని మీద అచ్చైన మాటలను యథాతథంగా రాసుకోవచ్చు. జాఫీ కథ వేరు: ఆర్థిక మాంద్యం రోజుల్లో ఆయన తన పతకాలను తాకట్టు పెట్టారు, ఆ తాకట్టు దుకాణం మూతపడటంతో అవి తిరిగి ఆయన చేతికి రాలేదు. అందువల్ల జాఫీ గురించి రాసేటప్పుడు ఎక్కడైనా ఆయన 1932 పతకం పేరుతో ఫోటో కనబడితే, అది ఆయన అందుకున్న అసలు పతకమా, అదే పోటీల్లో మరొకరు గెలుచుకున్న పతకమా అన్నది ఆ వస్తువు దాచిన సంస్థను అడిగి తెలుసుకున్నాకే పుటలో చేర్చాలి.